విత్తనంతో పూల లాన్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో విల్లా కట్టుకున్నవాళ్లు, చేవెళ్ల, షామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్ ఉన్నవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. "నీళ్లు తక్కువ, కటింగ్ తక్కువ, పైగా పూలు పూయాలి. అలాంటి లాన్ వేయగలరా?" అడుగుతూనే ఫోన్‌లో ఒక ఫోటో చూపిస్తారు. అది చాలాసార్లు ఇంగ్లండ్‌దో అమెరికాదో అయివుంటుంది. పూల లాన్, అంటే గడ్డి మధ్యే పొట్టి పూల మొక్కలు పాకే లాన్, ఇక్కడా వేయొచ్చు, వేస్తున్నాం. కాకపోతే ఆ ఫోటోతో పాటు వచ్చే నమ్మకాలను ముందు పక్కన పెట్టాలి.

అపోహ: ఆన్‌లైన్‌లో క్లోవర్ ప్యాకెట్ తెప్పించి చల్లితే సరిపోతుంది.

తెల్ల క్లోవర్ అంటే మూడేసి ఆకులతో, తెల్ల పూలతో నేల మీద పాకే చలి ప్రాంతాల మొక్క. మన దేశంలో కశ్మీర్, సిమ్లా, ఊటీ లాంటి చోట్ల హాయిగా బతుకుతుంది. హైదరాబాద్‌లో అక్టోబర్ చివర్లో చల్లితే వారం పది రోజుల్లో మొలుస్తుంది. సంక్రాంతికి చూడముచ్చటగా ఉంటుంది. శివరాత్రి దాటాక వాడడం మొదలై, ఉగాది తర్వాత వెతికినా కనిపించదు. విజయవాడ, రాజమండ్రి ఉక్కపోతకు ఇంకా ముందే పోతుంది. విత్తనం మంచిదే. ఫోటో తీసిన ఊరే వేరు.

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకు మాత్రం క్లోవర్ భేషుగ్గా పనికొస్తుంది. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు చెప్పే 'బీ లాన్' (తేనెటీగలకు పనికొచ్చే లాన్) మిశ్రమంలో సన్నటి ఫెస్క్యూ గడ్డి, తెల్ల క్లోవర్, సెల్ఫ్ హీల్, నేల మీద పాకే థైమ్ ఉంటాయి. అక్కడ నవంబర్‌లో, నేల గడ్డకట్టే ముందు చల్లి వదిలేసే పద్ధతి కూడా ఉంది. విత్తనం మంచు కింద చలికాలం గడిపి వసంతంలో మొలుస్తుంది. చల్లే ముందు మీ కమ్యూనిటీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ ఒకసారి చూసుకోండి. డాలస్, హ్యూస్టన్ వాళ్లు ఎండాకాలంలో క్లోవర్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

అపోహ: మన ఎండలకు తట్టుకునే పూల లాన్ మొక్కలే లేవు.

ఉన్నాయి. చాలామంది ఇళ్లలో మాలికి డబ్బులిచ్చి మరీ పీకిస్తున్నవి అవే.

వానాకాలం చివర్లో ఏదైనా పాత లాన్‌లో మోకాళ్ల మీద కూర్చుని గరిక మధ్య చూడండి. మూడేసి చిట్టి ఆకులతో, నేలకు అతుక్కుని పాకే మొక్క కనిపిస్తుంది. అది ముంతమందు. క్లోవర్‌లాగే ఇదీ చిక్కుడు కుటుంబానిదే. వేరుబుడిపెల్లో నత్రజని పట్టుకుంటుంది కాబట్టి దీనికి యూరియా అక్కర్లేదు. పువ్వు కంది గింజంత, గులాబీ ఊదా కలిసిన రంగు. కాయ కణుపులు కణుపులుగా ఉండి, ఎండాక ఏ కణుపుకాకణుపు విడిపోయి ప్యాంటు అంచులకు అంటుకుంటుంది. గడ్డి మీద తిరిగే చిన్న చిన్న నీలి సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కల్లో ఇదొకటి. "అన్నా, ఇది కలుపు కదా, పీకించెయ్" అంటారు కస్టమర్లు. ఆ తర్వాత వాళ్లే క్లోవర్ కావాలంటారు!

గులక నేల, రాళ్ల నేల అయితే విష్ణుక్రాంత. వినాయక చవితి పూజలో పత్రి పేరుగా ఏటా చదువుతాం, మొక్కను చూపిస్తే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. లేత నీలం పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. తడి నిలిచే పల్లానికి బొక్కెన బాగుంటుంది. చెరువు గట్ల మీద పాకుతుందే, అదే. కాస్త తొక్కుడుకు కూడా తట్టుకుంటుంది. గడ్డి చామంతి, అంటే బడిపిల్లలు పలక తుడిచిన పలకాకు, కూడా వేయమంటారు కొందరు. దాని విత్తనం గాలికి ఎగురుతుంది, పక్కన పొలం ఉంటే మాత్రం వద్దంటాను.

చిక్కల్లా ఒకటే. వీటి విత్తనం షాపుల్లో దొరకదు. అక్టోబర్, నవంబర్‌లో మనమే ఏరుకోవాలి. ఎండిన కాయలను కాగితం కవర్‌లో దాచండి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. ముంతమందు గింజ పైపొర గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. రెండు గరుకు కాగితాల మధ్య పెట్టి, గింజ మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, ఒక రాత్రి నానబెట్టి చల్లితే మొలక బాగా వస్తుంది. రుద్దకుండా చల్లినవి కొన్ని మరుసటి ఏడాది వానలకు గానీ లేవవు.

షాపులో దొరికేవాటిలో నేను నమ్మేది టేబుల్ రోజానే, ప్యాకెట్ మీద పోర్టులాకా అని ఉంటుంది. మండే ఎండలో పూసే దమ్ము దానికుంది. కాకపోతే ముద్ద పూల హైబ్రిడ్ రకం వేస్తే, రాలిన విత్తనం నుంచి వచ్చేవి తల్లిలాగే ఉండవు. తనంతట తాను మొలిచి కొనసాగాలంటే ఒంటిరేకు రకమే మేలు. నీడపట్టున పూయదు, మబ్బు రోజు మొగ్గ విప్పదు.

పింటో వేరుశనగ గురించీ అడుగుతారు. బ్రెజిల్ మొక్క, మన వేరుశనగకు దగ్గర చుట్టం, పసుపు పూలు. దాని కాయా భూమిలోనే ఊరుతుంది. తవ్వి తీయాలి కాబట్టి విత్తనం ఖరీదు, మన దగ్గర అందరూ కొమ్మలే నాటుతారు. చవగ్గా ప్యాకెట్ విత్తనం దొరికిందంటే అనుమానించండి.

అపోహ: ముందు నేలకు బలం పట్టించాలి.

ఇక్కడే డబ్బు ఎక్కువ తగలేస్తారు. రెండు టిప్పర్ల ఎర్రమట్టి, ఒక ట్రాక్టర్ పశువుల ఎరువు తెచ్చి పోస్తారు. ఆ మట్టితో పాటు తుంగ గడ్డలు, వయ్యారిభామ విత్తనాలు ఉచితంగా దిగుతాయి. సగం మాగిన ఎరువులో వేరుపురుగు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బలమైన నేలలో గడ్డి ఎగబాకి పూల మొక్కల్ని మింగేస్తుంది. విష్ణుక్రాంత, టేబుల్ రోజా పేదనేలలోనే బాగా పూస్తాయి.

మన విల్లా ప్లాట్లలో అసలు సమస్య బలం కాదు, గట్టిదనం. కట్టుబడి సమయంలో లారీలు తిరిగి నేల బండలా తయారై ఉంటుంది, పైగా సిమెంటు పెచ్చులు, కంకర. పైన ఆరంగుళాలు గుల్ల చేసి, పెచ్చులు ఏరి, నీళ్లు ఇంటివైపు కాకుండా బయటికి పారేలా వాటం ఇస్తే చాలు. నల్లరేగడి అయితే ఇసుక కలిపే కన్నా మడిని కొంచెం ఎత్తు చేయడం మేలు.

అపోహ: తొలకరి పడగానే చల్లేయాలి.

పొలానికి తొందర ఉంటుంది, లాన్‌కు లేదు. మృగశిరలో వానలు పడగానే నేలలో నిద్రపోతున్న కలుపంతా ఒక్కసారి లేస్తుంది. లేవనివ్వండి. రెండాకుల మీద ఉన్నప్పుడే పారతో పైపైన గీకేయండి. లోతుగా తవ్వొద్దు, తవ్వితే కింది విత్తనాలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. ఆరుద్రలో ఇంకోసారి గీకండి. పునర్వసు, పుష్యమి మధ్య, అంటే జూలైలో, అప్పుడు చల్లండి. ఈ నెల రోజుల ఓపిక తర్వాత చాలా కలుపు కూలీని తప్పిస్తుంది. తుంగ మాత్రం గీకితే పోదు. గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే. తుంగ నిండిన చోట ఆ ఏడాది విత్తనం చల్లకపోవడమే మంచిది.

టేబుల్ రోజాను వానల్లో చల్లితే కుళ్లుతుంది. సంక్రాంతి దాటి చలి తగ్గాక, ఖాళీగా ఉన్న చోట్ల చల్లుకోవాలి.

అపోహ: ఎంత ఎక్కువ చల్లితే అంత ఒత్తుగా వస్తుంది.

టేబుల్ రోజా విత్తనం గ్రాముకు దాదాపు 10,000 తూగుతుంది. 100 గజాలకు 10 గ్రాములు చల్లినా ప్రతి గజానికీ వెయ్యి పడ్డట్టే. కుప్పగా మొలిస్తే నారుకుళ్లు వస్తుంది. నిన్న పచ్చగా ఉన్న మొలకలు ఇవాళ మొదట్లో మెత్తబడి పడిపోయి ఉంటాయి. పిడికెడు విత్తనానికి పది పిడికిళ్ల పొడి ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. ఇసుక నేల మీద తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో తెలుస్తుంది. మట్టి కప్పకుండా చెక్కతో అదిమితే చాలు, ఇంత సన్న విత్తనం మొలవాలంటే వెలుతురు కావాలి. అదమకపోతే చీమలు మోసుకుపోతాయి. జల్లుమూతి ఉన్న రోజ్ క్యాన్‌తోనే నీళ్లు పోయాలి, పైపు పెట్టారంటే విత్తనమంతా ఒక మూలకు చేరుతుంది.

కింద పరుపుగా గరిక విత్తనం వేస్తాం. పూల లాన్‌లో 100 గజాలకు పావుకిలో దాటనివ్వను. మామూలు లాన్‌కు వేసేదాంట్లో ఇది సగం. మెక్సికన్ గ్రాస్ ఉన్నచోట పూల విత్తనం చల్లి లాభం లేదు, అంత ఒత్తు గడ్డిలో మొలక నిలవదు.

అపోహ: ఒకసారి వేస్తే ఇక చెయ్యి పెట్టక్కర్లేదు.

మొదటి రెండు నెలలు మామూలు లాన్ కంటే ఎక్కువ పనే. కూర్చుని చేత్తో కలుపు తీయాలి, అదీ మొక్కలు గుర్తుపట్టే మనిషి తీయాలి. ఆ తర్వాత పని తగ్గుతుంది. వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి మూడంగుళాల ఎత్తులో కోత. తోసే చిన్న మెషీన్లు చాలావరకు అంత ఎత్తుకు రావు. బ్రష్ కట్టర్ తెచ్చే కుర్రాడికి ఎత్తు కొలిచి చూపించకపోతే నేల గీకి పోతాడు. నవంబర్ కోత తర్వాత గడ్డిని రెండు రోజులు అక్కడే ఉంచండి, విత్తనం రాలుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో గోధుమరంగులోకి తిరుగుతుంది. చచ్చిపోలేదు, వానలకు లేస్తుంది. అప్పుడు కూడా పచ్చగానే కావాలంటే వారానికి రెండు తడులు ఇవ్వాలి. అది కుదరదు, గోధుమరంగూ నచ్చదంటే ఈ లాన్ మీకు సరిపడదు. ఈ మాట నేను అడ్వాన్స్ తీసుకోకముందే చెప్తాను.

అపోహ: వెడేలియా పెట్టేస్తే ఏ గొడవా ఉండదు.

వెడేలియా నేలంతా కప్పేస్తూ పాకే మొక్క. పసుపు పూలతో ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నిజమే. ప్రపంచంలో అతి ప్రమాదకరంగా వ్యాపించే 100 జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ చేర్చిన మొక్క కూడా అదే. పక్కవాళ్ల కాలువల్లోకి పోతుంది. వద్దు.

అపోహ: పూలుంటే తేనెటీగలు కుడతాయి, పాములొస్తాయి.

పువ్వు మీద వాలిన తేనెటీగ దాని పని అది చూసుకుంటుంది, మన జోలికి రాదు. చెప్పుల్లేకుండా తొక్కితే మాత్రం కుడుతుంది. చిన్నపిల్లలు పరుగెత్తే చోట పూలు వేయకండి, లేదా మధ్యలో నాపరాళ్ల బాట వేయించండి. పాములు పూల కోసం రావు. ఎలుకల కోసం, కప్పల కోసం వస్తాయి. ఇటుకల కుప్ప, ఎండుకొమ్మల గుట్ట వాటికి ఇల్లు. అవి తీసేయించండి, గోడ వెంట రెండడుగుల మేర గడ్డిని పొట్టిగా కోయించండి. వానాకాలం రాత్రిళ్లు గడ్డిలోకి దిగేటప్పుడు టార్చ్ తప్పనిసరి, అది ఏ లాన్ అయినా సరే.