ఫాస్ఫేట్ బ్యాటరీ మండదు, సరే. మరి పడవ?

2019 అక్టోబర్ 10న నార్వే పడమటి తీరంలో 'యిట్టరోయ్నింగెన్' అనే ఫెర్రీ బ్యాటరీ గదికి నిప్పంటుకుంది. కార్లనూ మనుషులనూ ఫియార్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దాటించే మామూలు ఓడ అది. అందరూ క్షేమంగా దిగిపోయారు, మంట కూడా అదుపులోకి వచ్చిందనుకున్నారు. మర్నాడు పొద్దున అదే ఓడలో పేలుడు. వేడెక్కిన సెల్స్ నుంచి వచ్చిన వాయువు రాత్రంతా లోపల పోగుపడి పేలింది. విషవాయువు పీల్చి ఉంటారన్న అనుమానంతో 12 మంది ఫైర్ సిబ్బందిని ఆస్పత్రికి పంపారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2021 మార్చి 11న, ఓస్లో ఫియార్డ్ దగ్గర 'బ్రిమ్' అనే పర్యాటక నౌక బ్యాటరీ గదిలోంచి పొగ వచ్చింది. దాన్నీ ఖాళీ చేయించారు.

మొదటి ఓడలో ఉన్నవి నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్ఎంసీ రకం బ్యాటరీలు. అందుకే ఇలాంటి సంఘటన జరిగినప్పుడల్లా పడవల వాళ్ల మధ్య ఒక మాట వినిపిస్తుంది: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్ఎఫ్‌పీ) పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా, అని. అమ్మేవాళ్లూ అదే చెబుతారు, 'ఇది మండదండీ' అని. అందులో నిజం ఉంది. కానీ ఆ నిజం సెల్ వరకే.

సెల్ సంగతే ముందు చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీలన్నీ ఒకటి కావు. ధన ధ్రువానికి, అంటే కేథోడ్‌కు ఏ పదార్థం వాడారన్న దాన్ని బట్టి గుణం మారిపోతుంది. ఫోన్లలో కోబాల్ట్ ఆక్సైడ్ ఎక్కువ, చాలా కార్లలో ఎన్ఎంసీ. ఇవి బాగా వేడెక్కితే స్ఫటికం విరిగి లోపలి ఆక్సిజన్ బయటపడుతుంది. పక్కనే మండే ద్రవం ఉంది, వేడి ఉంది, ఇప్పుడు ఆక్సిజనూ దొరికింది. ఇక బయటి గాలితో పని లేదు. ఆ రసాయన చర్య మరింత వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా పెంచుతుంది, ఒక సెల్ పక్క సెల్‌కు అంటిస్తుంది. థర్మల్ రన్అవే అంటే ఇదే.

ఫాస్ఫేట్‌లో కథ వేరు. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పత్రం దీన్ని కేథోడ్‌గా లోకానికి పరిచయం చేసింది. రాసినవాళ్లు ముగ్గురు: అక్షయ పాఢీ, నంజుండస్వామి, జాన్ గుడెనఫ్. గుడెనఫ్‌కు 97 ఏళ్ల వయసులో కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించింది 2019 అక్టోబర్ 9న, అంటే ఆ నార్వే ఓడ కాలడానికి సరిగ్గా ముందు రోజు! ఈ పదార్థంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. మామూలు వేడికి ఊడి రాదు. స్థూలంగా చెప్పాలంటే ఎన్ఎంసీ సెల్ 200 డిగ్రీలు దాటగానే అదుపు తప్పితే, ఎల్ఎఫ్‌పీ సెల్ 250 దాటేదాకా తట్టుకుంటుంది. తప్పినా అంత ఉధృతంగా తప్పదు.

ఇంకో సుగుణం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. కోబాల్ట్ ఆక్సైడ్ సెల్ ఫుల్ ఛార్జ్ అయ్యాక కూడా కేథోడ్‌లో దాదాపు సగం లిథియం మిగిలే ఉంటుంది. ఛార్జర్ ఆగకపోతే అది కూడా అవతలి ధ్రువం మీదికి వెళ్లి లోహంగా పేరుకుంటుంది. అది ప్రమాదం. ఎల్ఎఫ్‌పీలో ఫుల్ ఛార్జ్ అయ్యేసరికి కేథోడ్‌లోని లిథియం దాదాపు అంతా అవతలికి వెళ్లిపోయి ఉంటుంది. పేరుకోవడానికి పెద్దగా మిగలదు. ఓవర్‌ఛార్జ్‌ను అది కాస్త ఓర్చుకోవడానికి ఇదొక కారణం.

అయితే రెండు రకాల్లోనూ ధ్రువాల మధ్య ఉండే ద్రవం ఒకటే జాతిది. కార్బొనేట్ ద్రావకాలు, వాటిలో కరిగించిన లిథియం లవణం. ఇది మండుతుంది. సెల్‌ను ఏదో ఒకటి అతిగా వేడెక్కిస్తే లోపలి ఒత్తిడికి సేఫ్టీ వెంట్ తెరుచుకుని తెల్లటి పొగలాంటి ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. అందులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, ఇథిలీన్ ఉంటాయి, కొంత హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా. ఎన్ఎంసీ అయితే చాలాసార్లు ఆ ఆవిరిని అప్పటికప్పుడే అంటించేస్తుంది. ఎల్ఎఫ్‌పీకి అంత వేడి లేదు కాబట్టి ఆవిరి మండకుండానే బయటికొస్తూ ఉంటుంది. పైగా దాని ఆవిరిలో హైడ్రోజన్ పాలు ఎక్కువ. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధం.

అంటే మండకపోవడమే ఇక్కడ చిక్కు. వంటింట్లో సిలిండర్ లీకైనప్పుడు స్టవ్ వెలుగుతూ ఉంటే మంట కనిపిస్తుంది, మనం జాగ్రత్త పడతాం. స్టవ్ ఆరిపోయి గ్యాస్ మాత్రం వస్తూ ఉంటే ఎవరో వచ్చి స్విచ్ వేసేదాకా ఏమీ తెలియదు. బీజింగ్‌లో 2021 ఏప్రిల్ 16న ఒక విద్యుత్ నిల్వ కేంద్రం పేలి ఇద్దరు ఫైర్ సిబ్బంది చనిపోయారు. అక్కడున్నవి ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలే.

నేల మీద అంత పెద్ద కేంద్రానికి అలా జరిగింది. పడవ లోపలి చోటు ఎంత? బ్యాటరీలు పెట్టేది పడక కిందో, ఇంజిన్ పక్కనో, మూత వేసిన పెట్టెలో. ఆ పైనే మనిషి పడుకుంటాడు. బయటికి ఒకటే మెట్లదారి. ఇలాంటి ప్రమాదాల్లో మంట కన్నా ముందు పొగ చంపుతుంది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన ప్రమాదంలో ఎనిమిది మంది పోయారు. వాళ్లు షోరూమ్‌లో లేరు, పైన లాడ్జిలో ఉన్నారు. పొగ మెట్లమీదుగా వాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఇక పడవలో సెల్‌ను అంతగా వేడెక్కించేది ఏది? నార్వే ఓడలు రెండింటికీ మొదట కీడు చేసింది తడి. మొదటి దాంట్లో బ్యాటరీని చల్లబరిచే ద్రవమే లీకైంది, రెండో దాంట్లో సముద్రపు నీరు బ్యాటరీ గదిలోకి చేరింది. ఫాస్ఫేట్ అయినా ఉప్పునీటికి తేడా ఏమీ తెలియదు. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఉప్పునీరు నిలిస్తే కరెంటు పారుతుంది, లోహాన్ని తినేస్తుంది, హైడ్రోజన్, క్లోరిన్ పుడతాయి. అందుకే బ్యాటరీ పెట్టె పడవ అడుగున నీళ్లు చేరే చోట ఉండకూడదు. ఎంత మంచి కంపెనీ సెల్ అయినా సరే.

చిన్న పడవల్లో నీటికన్నా ముందు అనుమానించాల్సింది బిగింపుల్ని. '12 వోల్టులే కదా, షాక్ కూడా కొట్టదు' అనే ధీమా ఇక్కడ పనికిరాదు. వోల్టేజ్ తక్కువైతే అదే పని చేయడానికి ఆంపియర్లు ఎక్కువ కావాలి. పడవలో 2,000 వాట్ల ఇన్వర్టర్ మీద నీళ్లు కాచుకుంటే బ్యాటరీ నుంచి 150 ఆంపియర్ల పైనే లాగుతుంది. ఇప్పుడు ఒక్క లగ్గు, అంటే వైరును టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్క, సంగతి దగ్గర్నుంచి చూడండి. వైరు చివర రాగి లగ్గు, దాని కింద అల్యూమినియం టెర్మినల్, పైన వాషరు, నట్టు. ఇంజిన్ అదురుకు నట్టు పావు వంతు వదులైంది. ఉప్పుగాలికి మధ్యలో సన్నటి ఆక్సైడ్ పొర పట్టింది. ఆ అతుకు దగ్గర నిరోధం ఐదు మిల్లీ ఓమ్‌లకు పెరిగిందనుకుందాం, చేతి మీటరుకు సరిగా చిక్కనంత తక్కువ. 150 ఆంపియర్ల వర్గాన్ని దాంతో గుణిస్తే 112 వాట్లు. వేలి చివరంత చోట, ఒక సోల్డరింగ్ ఐరన్‌కు రెండింతల వేడి. నట్టు ఎర్రబడుతుంది, ఇన్సులేషన్ కరుగుతుంది, టెర్మినల్ ద్వారా ఆ వేడి నేరుగా సెల్ కడుపులోకి పోతుంది. ఫ్యూజు మాత్రం నిశ్చింతగా ఉంటుంది, ఎందుకంటే దాని లెక్కలో కరెంటు హద్దు దాటలేదు.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఇంత కష్టం ఉండేది కాదు. ఎక్కువ లాగితే దాని వోల్టేజే కుంగిపోయి ఇన్వర్టర్ ఆగిపోయేది. ఎల్ఎఫ్‌పీ అలా కుంగదు. దాన్ని కొనేదే ఆ గుణం కోసం, పాత వైరింగ్‌ను కాల్చేదీ ఆ గుణమే. వైర్లు మార్చకుండా బ్యాటరీ ఒక్కటే మార్చి 'అదే సైజు, అలాగే కూర్చుంది' అని మురిసిపోవడం నాకు మహా చిరాకు తెప్పించే విషయం.

షార్ట్ సర్క్యూట్ అయితే అంకెలు ఇంకో స్థాయికి పోతాయి. 280 ఆంపియర్ అవర్ల సెల్స్ నాలుగు వరసగా కలిపితే 12.8 వోల్టులు. ఒక్కో సెల్ అంతర్గత నిరోధం సుమారు 0.2 మిల్లీ ఓమ్. కడ్డీలు, వైర్లతో కలిపి మొత్తం ఒక మిల్లీ ఓమ్ అనుకున్నా, స్పానర్ జారి రెండు టెర్మినల్స్ మీద పడితే పారేది 12,000 ఆంపియర్ల పైమాటే. చాలా పడవల్లో కనిపించే ఏఎన్ఎల్ రకం ఫ్యూజు 6,000 ఆంపియర్ల దాకా తెంపగలదు. అంతకు మించితే తీగ కరిగినా మధ్యలో ఆర్క్, అంటే గాలిలోంచే దూకే విద్యుత్ మెరుపు, నిలిచి కరెంటు పారుతూనే ఉండొచ్చు. అందుకే లిథియం బ్యాంకులకు (కలిపి కట్టిన బ్యాటరీల గుంపుకు) 20,000 ఆంపియర్లను తెంపగల క్లాస్-టీ ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టమంటారు. ధర కాస్త ఎక్కువే. మొత్తం బ్యాటరీ ఖర్చులో అదొక లెక్క కాదు.

ఇంజిన్‌కు ఉండే ఆల్టర్నేటర్, మన మెకానిక్కుల భాషలో డైనమో, ఇంకో మూల. లెడ్ యాసిడ్ నిండుతున్న కొద్దీ తీసుకునే కరెంటు తగ్గిస్తుంది కాబట్టి డైనమోకు విశ్రాంతి దొరికేది. ఎల్ఎఫ్‌పీ నిండే దాకా ఎంత ఇస్తే అంతా తాగుతుంది. రేవులో ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఛార్జ్ చేస్తే ఫ్యాన్ వేగమూ తక్కువే, గాలి ఆడదు, వైండింగ్ మాడిపోతుంది. దీనికి విరుగుడు ఉష్ణోగ్రత చూసి తగ్గించే రెగ్యులేటర్, లేదా మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్, అంటే డైనమో కరెంటును హద్దులో ఉంచి బ్యాటరీకి ఇచ్చే పరికరం.

ఇంకో సమస్య బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్)తో. ఒక్కో సెల్ వోల్టేజ్ చూస్తూ, ఒకటి 3.65 దాటితే ఛార్జింగ్ తెంపేసే ఎలక్ట్రానిక్ కాపలాదారు అది. సెల్‌ను కాపాడటం దాని పని, పడవను కాపాడటం కాదు. ఇంజిన్ పూర్తి జోరులో ఉండగా అది టక్కున తెంపేస్తే డైనమోలో పుడుతున్న కరెంటుకు దారి మూసుకుపోయి వోల్టేజ్ ఎగిరిపడుతుంది. డయోడ్లు పోతాయి, ఒక్కోసారి జీపీఎస్, రేడియో కూడా. అర్ధరాత్రి నడిసముద్రంలో దీపాలూ దారీ రెండూ పోవడం మంటకు తక్కువ టెన్షన్ కాదు. ఇంజిన్ స్టార్టింగ్‌కు లెడ్ యాసిడ్ ఒకటి అలాగే ఉంచుకుని, లిథియం బ్యాంకును డీసీ-డీసీ ద్వారా ఛార్జ్ చేసే పద్ధతి ఇందుకే నిలిచింది. చిన్న నౌకల లిథియం బ్యాటరీల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2021లో ఒక నిర్దేశాన్ని తెచ్చింది, అమెరికా పడవల సంఘం ఏబీవైసీ 2022లో ఇ-13 ప్రమాణాన్ని తెచ్చింది. బీఎంఎస్ తప్పనిసరి అన్న మాట వాటిలో ఉంది.

పెద్ద పడవల వాళ్లు రసాయనాన్నే మార్చుకుంటున్నారు కూడా. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవల్లో ఉన్నవి లిథియం టైటనేట్ బ్యాటరీలు. ఇందులో రుణ ధ్రువానికి మామూలుగా వాడే గ్రాఫైట్ బదులు టైటనేట్ వాడతారు. అదే శక్తికి బరువు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. కానీ రేవులో ఆగిన కాసేపట్లో ఛార్జ్ అవుతుంది, లిథియం లోహంగా పేరుకునే భయం దాదాపు లేదు. రోజంతా జనాన్ని దాటించే పడవకు అది సరైన బేరం. సొంత పడవలో దూరం వెళ్లేవాళ్లకు ఎల్ఎఫ్‌పీయే నయం, నా ఓటు కూడా దానికే.

ఇవన్నీ చేసినా నిప్పు పుడితే పడవ దాన్ని మోస్తుంది. ఫైబర్ పడవ ఒళ్లంతా రెజిన్, అంటే మండే ప్లాస్టిక్ జిగురు. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. బ్యాటరీలకు దాంతో సంబంధం లేదు, సిగరెట్ పీక కారణమని పోలీసులు చెప్పారు. పక్కపక్కనే కట్టిన బోట్లు, డీజిల్, వంట సిలిండర్లు మిగతా పని చేశాయి. మొదటి రవ్వ ఎక్కడిదైనా ఆ తర్వాత కాలేది ఇదంతా.

ఆర్పడం విషయంలో ఒక అపోహ ఇంకా తిరుగుతోంది, లిథియం మీద నీళ్లు పోయకూడదని. అది లోహ లిథియం సంగతి. లిథియం అయాన్ సెల్‌కు కావలసింది చల్లదనం, నీళ్లను మించి చల్లబరిచేది పడవలో ఏదీ లేదు. పౌడర్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు చుట్టూ అంటుకున్న చెక్కనూ వైర్లనూ ఆర్పుతాయి, సెల్ కడుపులో వేడిని తగ్గించలేవు. ఆరిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు. తెల్లటి ఆవిరి వస్తున్న పెట్టె మూతను వంగి తీయడం, లోపల లైటు వేయడం రెండూ చేయకూడదు. మెయిన్ స్విచ్ బయట అందే చోట ఉంటే తిప్పాలి, మనుషులు డెక్ మీదికి రావాలి.

ఆ ఆవిరిని ముందే పసిగట్టే సాధనం ఖరీదైనదేమీ కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారాల్లో చాలావాటి సెన్సర్ హైడ్రోజన్‌కు కూడా స్పందిస్తుంది. దాన్ని పొగ అలారంతో పాటు బ్యాటరీ పెట్టె ఉన్న గదిలో, పై భాగాన పెట్టాలి. హైడ్రోజన్ తేలిక, పైకే చేరుతుంది. మోత మాత్రం మనుషులు పడుకునే చోట వినపడాలి.