లైవ్ రాక్‌లో చీడలు: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు అమర్చి, వాటి బాగోగులు చూడటం నా పని. ట్యాంక్ పెట్టిన కొత్తలో చాలామంది ఫోన్ చేసి అడిగే మాట ఒక్కటే: "రాయిలోంచి ఏదో పాకుతోందండీ, ఏం పోస్తే చస్తుంది?" నేను ముందు ఫొటో పంపమంటాను. అదేమిటో తేలకుండా చికిత్స మొదలుపెడితే, డబ్బు పోసి ఏ ప్రాణం కోసం ఆ రాయి కొన్నామో దాన్నే చంపుకుంటాం. లైవ్ రాక్ అంటే చచ్చిన పగడాల గుల్లరాయి. దాని సందుల్లో కాపురం ఉండే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. ట్యాంక్‌లో చేపలు బతికేది దానివల్లే.

అపోహ: రాయిని ఒకసారి మరిగిస్తే అన్నీ పోతాయి.

దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. రాళ్ల మీద బొత్తాల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్‌లు పగడాల బంధువులు. వాటిలో కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతివాటిలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. తీవ్రమైన విషాల్లో అదొకటి. రాయిని మరిగిస్తే ఆవిరితో, గట్టి బ్రష్‌తో తోమినా ప్రెషర్ వాషర్‌తో కొట్టినా తుంపరలతో, అది గాలిలో కలుస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో అక్వేరియం పగడాన్ని శుభ్రం చేస్తుండగా ఈ విషం బయటపడి, ఆ కుటుంబంతో పాటు సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందిని కూడా ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. దగ్గు, ఊపిరాడకపోవడం, జ్వరం, కళ్లమంట దీని లక్షణాలు. కిటికీలు మూసి ఏసీ వేసుకునే గదిలో ఇది మరీ ప్రమాదం. జోయాంథిడ్‌లున్న రాయిని ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాల్సిందే.

అపోహ: బ్రిసిల్ వార్మ్ కనబడితే చంపెయ్యాలి.

లైట్లు ఆర్పిన గంట తర్వాత టార్చికి ఎర్ర కాగితం చుట్టి రాయి మీద వేయండి. గులాబీ, నారింజ కలిసిన రంగులో, ప్రతి కణుపుకీ రెండు పక్కలా తెల్లటి నూగు కుచ్చులతో ఒక పురుగు సగం ఒళ్లు బయటికి చాచి మేత ముక్కల కోసం వెతుకుతుంటుంది. మామూలు వెలుతురు పడితే చటుక్కున లోపలికి లాక్కుంటుంది. మన ట్యాంకుల్లో కనిపించే వాటిలో అత్యధికం ఇవే. చేపలు వదిలేసిన మేత, కుళ్లిన పదార్థం తిని, మన చెయ్యి చేరని సందులు శుభ్రం చేస్తాయి. చచ్చిన చేప మీద ఇవి గుమిగూడి కనిపిస్తే చంపింది ఇవే అనుకుంటారు. నిజానికి చేప చచ్చాకే వస్తాయి. పగడాలను తినే ఫైర్‌వార్మ్ వేరు. హెర్మోడిస్ అనే ఆ జాతి అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలది. నూగు మొదట్లో ఎర్రటి మొప్పల కుచ్చులు, తల మీద మడతలు పడ్డ కండ దాని గుర్తులు.

పురుగులు బాగా పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. మేత తగ్గిస్తే అవీ తగ్గుతాయి. ఒట్టి చేత్తో మాత్రం పట్టుకోకండి. నూగు చర్మంలో దిగి మంట పుడుతుంది. అలా గుచ్చుకుంటే టేపు అంటించి లాగితే చాలావరకు వచ్చేస్తుంది.

అపోహ: ఎయిప్టేసియాను పట్టకారుతో పీకేస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ట్యాంకులు పాడయ్యేది ఈ నమ్మకంతోనే. ఎయిప్టేసియా అంటే గోధుమరంగులో, కాస్త పారదర్శకంగా ఉండే చిన్న అనిమోన్. సన్నటి కాడ, పొడవాటి మొనదేలిన తీగలు. నీడ పడినా చాలు, కన్నంలోకి ముడుచుకుంటుంది. పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుంది. పీకినప్పుడు దాని పాదం నుంచి గోరంత కూడా లేని తునక రాయికి అంటుకుని ఉండిపోతే చాలు, దాంట్లోంచి కొత్తది పుడుతుంది. అలా ఒకటి పీకితే నాలుగు మొలుస్తాయి.

పనిచేసే పద్ధతి సున్నపు ముద్ద. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్‌వో నీళ్లతో దోసెపిండిలా కలపండి. కిళ్లీ సున్నం కూడా అదే పదార్థం, కానీ అందులో ఇంకేం కలిసిందో తెలియదు కాబట్టి వద్దు. పంపులన్నీ ఆపండి. మొన తీసేసిన సూదితో సిరంజిని పక్క నుంచి నెమ్మదిగా తెచ్చి, తీగలను తాకకుండా సరిగ్గా నోటి మీద ఒక చుక్క జారవిడవండి. మేతనుకుని లోపలికి తీసుకుంటుంది. అది ముడుచుకున్నాక కన్నమంతా పూడేలా ఇంకొంచెం పెట్టి, పది పదిహేను నిమిషాలు పంపులు ఆపే ఉంచండి. పూటకు నాలుగైదు దాటొద్దు. సున్నంతో నీటి పీహెచ్ పెరుగుతుంది. కళ్లలో పడితే ప్రమాదం, అద్దాలు మరవకండి.

ప్రాణులతో వదిలించుకోవడం ఇంకో దారి. పెప్పర్‌మింట్ రొయ్య వీటిని తింటుంది, అయితే కడుపునిండా మేత దొరికే ట్యాంక్‌లో పట్టించుకోదు. షాపుల్లో దాని పేరు మీద క్యామెల్ రొయ్యను అంటగట్టడం మామూలే. ఒళ్లు పారదర్శకంగా ఉండి సన్నటి ఎర్రచారలుంటే పెప్పర్‌మింట్. ఎర్ర, తెల్ల చారలు కొట్టొచ్చినట్టు ఉండి వీపు గూనిగా ఉంటే క్యామెల్. అది జోయాంథిడ్‌లను, మెత్తటి పగడాలను కూడా కొరుకుతుంది. బెర్గియా అనే చిన్న సముద్రపు నత్త మాత్రం ఎయిప్టేసియా తప్ప ఇంకేమీ తినదు. అవి అయిపోతే ఆకలితో చస్తుంది కాబట్టి ముందే ఇంకో ట్యాంక్ వాళ్లతో మాట్లాడుకోండి.

అపోహ: మంచినీళ్లలో ముంచితే పురుగులన్నీ బయటికొచ్చేస్తాయి.

పైపైన ఉన్నవి చస్తాయి. లోతు కన్నాల్లో దాక్కున్నవి బతుకుతాయి. చచ్చినవి లోపలే కుళ్లి అమ్మోనియా పుట్టిస్తాయి. అందుకే నేను ఉప్పు పెంచే పద్ధతి వాడతాను. ట్యాంక్ నీటి సాంద్రత మామూలుగా 1.025 దగ్గర ఉంటుంది. తెల్ల బకెట్‌లో అదే ఉష్ణోగ్రతలో 1.035 నుంచి 1.040 దాకా కలిపిన ఉప్పునీళ్లలో రాయిని కొద్ది నిమిషాలు ఉంచి, అక్కడే ఊపి జాడించండి. పీతలు, పురుగులు తట్టుకోలేక కిందికి రాలుతాయి. అడుగు తెల్లగా ఉంటే ఏది ఏమిటో తెలుస్తుంది. కాళ్ల నిండా వెంట్రుకలు, డెక్కల కొనలు నల్లగా ఉన్న పీతలను తిరిగి ట్యాంక్‌లో వేయకండి. యాంఫిపాడ్‌లు (రొయ్యల్లాంటి బుల్లి జీవులు), చిన్న నత్తలు, బ్రిటిల్ స్టార్‌లు (సన్నటి చేతులుండే, నక్షత్ర చేపల్లాంటి జీవులు) పనికొచ్చేవి, వాటిని ఏరి వెనక్కి చేర్చండి.

రాత్రిపూట టక్, టక్ అని చప్పుడొస్తే వెంటనే మాంటిస్ రొయ్య అని భయపడతారు. పిస్టల్ రొయ్య కూడా అలాగే చప్పుడు చేస్తుంది, దానితో పెద్ద చిక్కేం లేదు. నత్త గుల్లలు పగిలి కనిపిస్తేనో, చేపలు మాయమవుతుంటేనో మాంటిస్‌ని అనుమానించాలి. కన్నం ఏదో కనిపెట్టి, రాయిని బయటికి తీసి, ఆ కన్నంలోకి సిరంజితో వట్టి సోడా కొడితే బయటికొస్తుంది. వేలు మాత్రం పెట్టకండి.

అపోహ: రాగి మందు వేస్తే రాయి కూడా శుభ్రపడుతుంది.

రాగి ఆ సున్నపురాయిలోకి ఇంకి, తర్వాత కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతూ రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది. చేపలకు రాగి వైద్యం చేయాలంటే రాళ్లు లేని వేరే ట్యాంక్‌లో చేయండి.

అపోహ: బ్లీచ్, యాసిడ్ రెండూ కలిపితే ఇంకా బాగా పోతాయి.

ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మన ఇళ్లలో బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లు చాలావరకు హైడ్రోక్లోరిక్ యాసిడే. ఎయిప్టేసియా చేయి దాటిపోయి, రాయిని మొదటి నుంచి మొదలుపెట్టక తప్పదనుకుంటే బ్లీచ్ ఒక్కటే, నీళ్లలో బాగా పలచన చేసి, ఆరుబయట వాడండి. కడిగి, వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టి, మిగిలిన క్లోరిన్‌ను తీసేసే సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఇక అది లైవ్ రాక్ కాదు. మళ్లీ బ్యాక్టీరియా పట్టి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా వారాలు ఆగి తీరాలి.

అపోహ: బీచ్ నుంచి తెచ్చుకుంటే ఖర్చు లేదు, కల్తీ లేదు.

విశాఖ తీరంలో కనిపించేవి ఎక్కువగా ఖొండలైట్ రాళ్లు. పగడపు రాయికున్నంత గుల్లతనం వాటికి లేదు. రామేశ్వరం, లక్షద్వీప్, అండమాన్‌లలో దొరికే పగడపు రాయి తేవడం నేరం. దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. షాపులో అమ్ముతున్నా సరే, ఎక్కడిదో అడగండి.

అపోహ: ఎండు రాయితో మొదలుపెడితే చీడ మాటే ఉండదు.

రాయితో రాకపోయినా తర్వాత కొనే పగడపు ముక్కలతో వస్తుంది. ముక్క అతికించిన సిమెంటు ప్లగ్ అడుగున, పక్క గీతల్లో ఎయిప్టేసియా పిల్లలు, వర్మెటిడ్ నత్తల (రాయికి అతుక్కుని గొట్టంలోనే ఉండిపోయే నత్తలు) గొట్టాలు ఉంటాయి. పగడాన్ని జాగ్రత్తగా ప్లగ్ నుంచి వేరుచేసి, ప్లగ్ పారేసి, కొత్తదానికి జెల్ సూపర్‌గ్లూతో అతికించండి. వర్మెటిడ్ గొట్టం రాయి మీదే కనిపిస్తే మొదలంటా విరిచి, కన్నం నోటికి అదే గ్లూ ఒక చుక్క పెడితే అది మళ్లీ తెరుచుకోలేదు.