కార్తీకంలో ధార వెతుక్కుంటూ

అచ్చంపేట దాటి నల్లమలలోకి పోయాక, ఆ చిన్న వాగులో మాకు ఎండు ఆకులూ తెల్లటి గుండ్రాళ్లూ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ ఏడు వానలు మధ్యలోనే ముఖం చాటేశాయి. కార్తీకం సగం కాకముందే వాగు ఎండింది. ఇక ధార ఏముంటుందని మేం వెనక్కి తిరగబోతే, దారి చూపిస్తున్న చెంచు పెద్దాయన ఆగలేదు. "వాగు నీళ్లు వేరు, బండ నీళ్లు వేరు సారూ. రండ్రి" అన్నాడు.

భూగర్భజల శాస్త్రంలో ఒక అధ్యాయమంతా ఆ ముక్కలోనే ఉంది. వాన పడ్డప్పుడు నేల మీద జారి వచ్చే నీళ్లు గంటల్లోనో, రోజుల్లోనో వాగు దాటిపోతాయి. నేలలోకి ఇంకినవి మాత్రం నెలల తరబడి మెల్లగా బయటికొస్తాయి. నైరుతి వానలు అక్టోబరులో వెనుదిరిగాక ఇక్కడ పారే దాదాపు ప్రతి బొట్టూ ఈ రెండో రకమే.

నల్లమల ఉత్తరపు అంచు ఇందుకు తగ్గట్టుగా అమరింది. అడుగున దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దాని మీద ఎప్పుడో పరుచుకున్న ఇసుక గట్టిపడి తయారైన శ్రీశైలం క్వార్ట్‌జైటు. ఈ క్వార్ట్‌జైటులో రేణువుల మధ్య సందులు సిలికాతో పూడుకుపోయాయి కాబట్టి రాయి నీళ్లు పీల్చదు. కానీ నిలువునా పగుళ్లున్నాయి, పొరకూ పొరకూ మధ్య సన్నని సందులున్నాయి. పీఠభూమి మీద కురిసిన వాన ఆ పగుళ్ల వెంట దిగుతుంది. మధ్యలో బంకమట్టి గట్టిపడిన షేల్ పొర అడ్డం వస్తే కిందికి దిగలేక పక్కకు మళ్లుతుంది. లోయ ఆ పొరను ఎక్కడ కోస్తే అక్కడ ఊట బయటపడుతుంది. అందుకే ఎండాకాలపు ధారను వాగు వెంట కాదు, కొండ గోడ మీద వెతకాలి.

చెట్లూ దారి చెబుతాయి. వాలు మీద అంతదాకా నల్లమద్ది చెట్లే. ఒక మలుపులో తెల్లటి బెరడుతో ఏరుమద్దులు మొదలయ్యాయి. ఏటి ఒడ్డున పెరుగుతుందని మనవాళ్లు ఆ మద్దికి పేరులోనే 'ఏరు' కలిపారు. ఆ వెనకే మేడిచెట్టు. నేరేడు, మేడి, పుట్టలను బట్టి భూమిలో నీళ్ల జాడ పట్టడం గురించి వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే 'బృహత్సంహిత'లో రాశాడు. అన్ని సూచనలూ నేటి పరీక్షకు నిలవవు గానీ, వేళ్లు నీళ్లను వెతుక్కుంటూ పోతాయన్న గమనిక మాత్రం గట్టిది.

ధార కంటే ముందు చప్పుడు వినిపించింది. నిలువెత్తు గోడకు నడుమ, వేలు పట్టేంత సందు. దాని పైన రాయి ఎండకు పెళుసుగా, దుమ్ము పట్టి ఉంది. కింద మాత్రం నల్లగా నిగనిగలాడుతూ నాచు. సందు అంచున వరసగా బొట్లు ఉబ్బి, ఒకదాన్నొకటి తాకి, కలిసి జారుతున్నాయి. చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఆ బొట్లన్నీ చేరిన చోట బొటనవేలంత ధార గుండంలోకి పడుతోంది. దోసిలి పట్టి తాగాను. తియ్యగా ఉన్నాయి. క్వార్ట్‌జైటు నీళ్లలో తేలిగ్గా కరగదు, అందుకే ఆ నీళ్లలో లవణాలు తక్కువ. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన నల్లగొండవాణ్ణి నేను. మా గ్రానైటులోని ఖనిజాల నుంచి ఆ ఫ్లోరైడు ఊరుతుంది. ఇంత దగ్గర్లోనే రాయి మారితే నీళ్లు ఇంత మారతాయా అని కాసేపు మాట రాలేదు.

ఈ ధార ఎన్నాళ్లుంటుంది? ఊటల తగ్గుదలకు 1905లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ మైయే ఒక సూత్రం రాశాడు. దాని సారం చిన్నది: లోపల నీళ్లు తగ్గేకొద్దీ వాటిని తోసే ఒత్తిడి కూడా తగ్గుతుంది, కాబట్టి ప్రవాహం నిర్ణీత గడువుకొకసారి సగమవుతూ పోతుంది. అక్టోబరు మధ్యలో సెకనుకు 16 లీటర్లిచ్చే ఊట నెలకోసారి సగమవుతుందనుకుందాం. ఏప్రిల్ మధ్యకు పావు లీటరు మిగులుతుంది. గడువు రెండు నెలలైతే అప్పటికింకా 2 లీటర్లుంటాయి. ఆ గడువును తేల్చేది పగుళ్ల వెడల్పు, లోపలి నిల్వ. ఈ నల్లమల లోయలోనే ఉన్న సలేశ్వరం జలపాతం దగ్గర చైత్ర పౌర్ణమికి, ఎండలు మండే రోజుల్లో, "వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగే జనం మీద నీళ్లు పడుతున్నాయంటే, అవి నెలల కిందటి వానలు.

లీటరు సీసా పట్టి చూశాను. నిండటానికి 11 సెకన్లు. నెలకు సగం లెక్కన ఉగాదికి ఎంత మిగులుతుందో నేల మీద పుల్లతో గీస్తుంటే పెద్దాయన వంగి చూశాడు.

"ఉగాదికి ఈ ధార ఉంటదా?" అని అడిగాను.

"సన్నగైతది" అన్నాడు. "తెగదు."