పాలు పట్టే చేతికి దూడ మాలిమి కావడం

నెమరువేసే జంతువుల్లో తల్లి రక్తంలోని, రోగాలను ఎదిరించే ప్రతిరక్షకాలు మాయను దాటి కడుపులోని పిల్లకు చేరవు. అందువల్ల తల్లి చనిపోయిన దూడకు గానీ, తల్లి దగ్గరకు రానివ్వని మేకపిల్లకు గానీ ఆ ప్రతిరక్షకాలు నిండిన ముర్రుపాలు పట్టడం అన్నింటికన్నా తొందరైన పని. ప్రతిరక్షకాలను ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి తీసుకునే శక్తి పేగులకు పుట్టిన కొద్ది గంటలకే తగ్గడం మొదలై, 24 గంటలయ్యేసరికి దాదాపు పూర్తిగా పోతుంది. అయితే ఒళ్లు చల్లబడి, నోట్లో వేలు పెట్టినా చీకలేని పిల్లకు ముందుగా వెచ్చదనం కల్పించాలి. బలవంతంగా పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కాస్త తేరుకున్న దూడను నిలబెట్టి, పొదుగు అందుకునేటప్పటిలాగే మెడ కొద్దిగా పైకి సాచేలా పాలపీక పట్టాలి. అది చీకడం మొదలుపెట్టగానే అన్నవాహిక కొసన ఉన్న కండర మడతలు గొట్టంలా ముడుచుకొని, పాలను మొదటి పొట్టలో పడనీయకుండా నేరుగా నాలుగో పొట్టకు పంపుతాయి. తోక ఆడిస్తూ, ముట్టెతో సీసాను కుమ్ముతూ అది పాలు తాగడం చూసినప్పుడు కలిగే ఊరట ఇంతా అంతా కాదు. పొదుగును కుమ్మి పాలు చేపించుకునే పుట్టు గుణమే అక్కడ కనిపిస్తుంది.

మాలిమి మొదలయ్యేదీ ఇక్కడే. చీకడం, కడుపులోకి చేరిన పాలు కలిగించే తృప్తి, ఈ రెండూ తల్లిపై మక్కువను పెంచుతాయని గొర్రెపిల్లలపై జరిగిన పరిశోధనల్లో తేలింది. తల్లి లేనప్పుడు ఆ మక్కువ పాలు పట్టే మనిషివైపు మళ్లుతుంది. పశువులు ఒకదానినొకటి మెడ దగ్గర నాకుకుంటాయి కనుక, గంగడోలు నిమిరితే దూడ మెడ చాచి, చెవులు వేలవేసి నిలబడుతుంది.

ఈ చనువుకు ఒక హద్దు అవసరమని నా గట్టి అభిప్రాయం, ముఖ్యంగా కోడెదూడల విషయంలో. తోటి పశువుల పొడ తెలియకుండా ఒంటరిగా మనుషుల చేతుల్లోనే పెరిగిన కోడె మనిషిని తన జాతిదానిగానే ఎంచుతుంది, ఎదిగాక పోటీకి వచ్చే మరో ఆబోతును కుమ్మినట్టే మనిషినీ కుమ్మడానికి రావచ్చు. చిన్నప్పుడు ముద్దుగా తోచిన తలపోట్లను అప్పుడే మాన్పించాలి. పారుడు (నీళ్ల విరేచనాలు) ఉన్నంతకాలం అంటు భయంతో దూడను విడిగా కట్టక తప్పకపోయినా, తోటి దూడలు కంటికి కనిపించేలా ఉంచవచ్చు. తగ్గాక ఈడైన మరో దూడతో కలిపితే, దానిని చూసి మేత కొరకడమూ త్వరగా నేర్చుకుంటుంది.