గొర్రెకు పుల్లరి, గుడారానికి ఉచితం

అమెరికాలో రాకీ పర్వతాల్లోగానీ, తూర్పున అపలాచియన్ కొండల్లోగానీ నేషనల్ ఫారెస్ట్ (ఫెడరల్ ప్రభుత్వ అడవి) మట్టిరోడ్డు పట్టుకుని కొంతదూరం వెళ్తే గేటు కనిపించదు, టికెట్టు కౌంటరు కనిపించదు, పేరు రాసుకునే మనిషీ ఉండడు. కొళాయి, మరుగుదొడ్డి, చెత్తకుండీ కూడా ఉండవు. అలాంటి చోట టెంటు వేసుకుని పడుకోవడానికి చాలా అడవుల్లో డబ్బు కట్టనక్కర్లేదు, ముందుగా బుక్ చేసుకోనక్కర్లేదు. దీన్ని డిస్పర్స్డ్ క్యాంపింగ్ అంటారు, ప్రిమిటివ్ క్యాంపింగ్ అని కూడా.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెడితే కేసు పెడతారని వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కొందరు జంకి, డబ్బు కట్టే క్యాంప్‌గ్రౌండుకే పోతారు. ఇంకొందరు ఉచితమంటే అడిగేవాడు లేడని అనుకుంటారు. రెండూ పొరపాటే. ఈ ఉచితం ఎవరో చూసీచూడనట్టు వదిలేసింది కాదు. దానికి చట్టంలో ఆధారం ఉంది, హద్దులూ ఉన్నాయి. రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఇవాళ్టి నిబంధనలు వాటంతట అవే అర్థమవుతాయి.

1897 నాటి వాక్యం

1891 మార్చిలో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో, ప్రభుత్వ భూముల్లోని అడవులను రిజర్వులుగా ప్రకటించే అధికారం అధ్యక్షుడికి వచ్చింది. ఆ రిజర్వుల్లో ఎవరు ఏం చేయవచ్చో మాత్రం అందులో రాయలేదు. 1897 ఫిబ్రవరి 22న, పదవి దిగడానికి పది రోజుల ముందు, గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక్కసారిగా 13 కొత్త రిజర్వులు ప్రకటించాడు. 2 కోట్ల ఎకరాలకు పైమాటే. గనులు తవ్వేవాళ్లు, కలప కొట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు భగ్గుమన్నారు. పశ్చిమ రాష్ట్రాల సభ్యులు కాంగ్రెస్‌లో పట్టుబట్టారు.

ఆ గొడవ చల్లార్చడానికి వచ్చిందే 1897 జూన్ 4 నాటి చట్టం. అడవిని కాపాడటం, నీటి ప్రవాహాలను నిలపడం, కలప సరఫరా, ఈ మూడింటికే రిజర్వులు అని అది తేల్చింది. దాంతోపాటు ఒక హామీ ఇచ్చింది: నియమాలు పాటించినంతవరకు, న్యాయమైన ఏ పనికైనా ఎవరైనా ఈ రిజర్వుల్లోకి రావచ్చు. ఆ మాట రాసింది గుడారాల కోసం కాదు, గనుల కోసం తిరిగేవాళ్ల కోసం. కానీ రాకకు అనుమతి అక్కర్లేదనే సూత్రం అక్కడే స్థిరపడింది. అడవి తెరిచే ఉంటుంది, మూయాలంటే కారణం చూపి ఆర్డరు ఇవ్వాలి.

మన చట్టం దీనికి తలకిందులుగా నడిచింది. ఆశ్చర్యం ఏమిటంటే, రెండుచోట్లా అటవీ పాలనకు గురువు ఒక్కడే. జర్మనీకి చెందిన డీట్రిక్ బ్రాండిస్ 1864లో భారతదేశానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. ఆయన హయాంలోనే 1878 అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. ఉద్యోగ విరమణ తర్వాత బాన్‌లో ఉంటున్న ఆయన దగ్గరికి ఒక అమెరికన్ యువకుడు అడవుల చదువు కోసం వెళ్లాడు. అతనే గిఫర్డ్ పిన్‌షో, 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్‌కు, అంటే ఈ అడవులను చూసే అమెరికా శాఖకు, మొదటి అధిపతి.

మద్రాసు చట్టం కింద మన్యంలో పోడుకు, అడవి సరుకుకు, పల్నాడులో పశువుల మేతకు అడ్డుకట్టలు పడ్డాయి. పల్నాట కన్నెగంటి హనుమంతు పుల్లరి (మేత పన్ను) కట్టనన్నందుకు 1922లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అదే ఏడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో తిరుగుబాటు మొదలుపెట్టాడు. అడవిలోకి రాకపోకల మీద తెలుగువాడికున్న బెరుకు వెనక ఆ చరిత్ర ఉంది.

పిన్‌షో కూడా పుల్లరి వేశాడు. 1906 నుంచి ఈ రిజర్వుల్లో, అంటే ఇవాళ్టి నేషనల్ ఫారెస్ట్‌లలో, పశువులు, గొర్రెలు మేపాలంటే రుసుము కట్టాలి. కాలిఫోర్నియాలో సియెరా రిజర్వులో పర్మిట్ లేకుండా గొర్రెలు మేపిన గ్రిమాడ్ అనే కాపరి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1911లో కోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది: అడవి కోసం శాఖ చేసే నియమాలను ఉల్లంఘిస్తే అది నేరమే. ఇవాళ రేంజర్ రాసే జరిమానా చీటీకి బలం ఆ గొర్రెల కేసు నుంచే వచ్చింది. మేతకు రుసుము, మనిషి రాకకు ఉచితం, ప్రవర్తనకు నియమం అన్న మూడు ముక్కల ఏర్పాటు 1911 నాటికే కుదురుకుంది.

తూర్పు కొండల సంగతి వేరు. అక్కడ ప్రభుత్వ భూమి లేదు, కొనాల్సి వచ్చింది. 1911 వీక్స్ చట్టం నదుల పుట్టుక ప్రాంతాలను కాపాడటానికి అందుకు వీలు కల్పించింది. నార్త్ కరోలినాలో వాండర్‌బిల్ట్ కుటుంబం దగ్గర ఎకరం 5 డాలర్ల చొప్పున కొన్న సుమారు 86,700 ఎకరాలే పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కు గుండెకాయ. దాన్ని 1916లో ప్రకటించారు. వాండర్‌బిల్ట్‌ల చేతిలో ఉన్నప్పుడు ఆ అడవికి తొలి అటవీ అధికారిగా పనిచేసింది పిన్‌షోయే, ఆ తర్వాత వచ్చిన కార్ల్ షెంక్‌ను సిఫారసు చేసింది బ్రాండిస్. అంతకు ముందు ఈ కొండలు చెరోకీ ప్రజలవి. 1838లో వాళ్లలో అత్యధికులను సైన్యం పెట్టి తరిమేశారు. ‘ప్రజల భూమి’ అని ధీమాగా అనేటప్పుడు ఇది మరవకూడదు.

వసతి వచ్చిన చోట రుసుము వచ్చింది

కార్లు రాగానే జనం కొండలెక్కారు. ఎక్కడపడితే అక్కడ పొయ్యిలు, వాగుల్లో మలినం. దాన్ని ఒకచోట కట్టడి చేయడానికి ఫారెస్ట్ సర్వీస్ 1916లో ఒరెగాన్‌లోని ఈగిల్ క్రీక్ దగ్గర తన తొలి పూర్తిస్థాయి క్యాంప్‌గ్రౌండును సిద్ధం చేసింది. 1933 నుంచి 1942 దాకా సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకం యువకులు అలాంటివి ఊరూరా కట్టారు. అప్పటి నుంచి దారి రెండుగా చీలింది: బల్ల, పొయ్యి, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న క్యాంప్‌గ్రౌండు ఒకటి, ఏమీ లేని అడవి ఇంకొకటి.

నిర్వహణకు డబ్బు చాలక 1996లో కాంగ్రెస్ ప్రయోగాత్మకంగా రుసుములకు దారి తెరిచింది. దక్షిణ కాలిఫోర్నియాలోని నాలుగు అడవుల్లో 1997లో అడ్వెంచర్ పాస్ వచ్చింది. కారు ఆపితే చాలు, రోజుకు 5 డాలర్లు. జనం మండిపడ్డారు. దాని ఫలితం 2004 డిసెంబరులో వచ్చిన రుసుముల చట్టం. మొదట పదేళ్లకే చేసినా పొడిగిస్తూ వస్తున్నారు. ఉచిత క్యాంపింగ్‌కు ఇవాళ అసలు కాపలాదారు ఇదే. కనీస వసతులు లేని చోట క్యాంపింగ్‌కు రుసుము తీసుకోకూడదని అది స్పష్టంగా చెప్పింది. క్యాంప్‌గ్రౌండుకు డబ్బు అడగాలంటే ఒక జాబితాలో సగానికి మించి ఉండాలి: టెంటు స్థలాలు, బల్లలు, తాగునీరు, రోడ్డు, రుసుము వసూలు చేసే మనిషి, భద్రత, చెత్తకుండీలు, మరుగుదొడ్లు, మంట అదుపులో ఉంచే పొయ్యి. తొమ్మిదిలో అయిదు.

అయినా కొన్నిచోట్ల రుసుము ఆగలేదు. అరిజోనాలోని మౌంట్ లెమన్ మీద, వసతులు వాడకుండా కారు ఆపి నడిచేవాళ్ల దగ్గరా, వసతుల్లేని చోట టెంటు వేసేవాళ్ల దగ్గరా వసూలు చేశారు. 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, చట్టం అందుకు ఒప్పుకోదని తేల్చి చెప్పింది. ఎక్కడైనా బోర్డు డబ్బు అడిగితే, ఏ వసతికి అడుగుతోందో చూడండి.

సరిహద్దు దాటితే చట్టం మారుతుంది. నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. పార్కులు అంతర్గత శాఖ కింద, ఫారెస్ట్‌లు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. పిస్గా పక్కనే ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులో అడవిలో పడుకోవాలంటే పర్మిట్ కావాలి, 2023 నుంచి మనిషికి రాత్రికి 8 డాలర్లు. పిస్గా మధ్యలోంచి పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డూ, దాని అంచూ పార్కు శాఖవే. చుట్టూ ఫారెస్ట్ ఉంది కదా అని ఆ రోడ్డు పక్క పచ్చికలో టెంటు వేయడం చాలామంది చేసే తప్పు.

కారు ఎక్కడ ఆపాలి

2005 దాకా చాలా అడవుల్లో కారు ఎక్కడికైనా తోలుకుపోవచ్చు. చక్రాల గాట్లు కోతపడి వాగులు బురదయ్యాయి. 2005 నాటి ట్రావెల్ మేనేజ్‌మెంట్ రూల్ దాన్ని తిప్పేసింది: మ్యాపులో గుర్తించిన రోడ్లే రోడ్లు, మిగతావి మూసినట్టే. ఆ మ్యాపు పేరు మోటర్ వెహికల్ యూజ్ మ్యాప్. నలుపు తెలుపుల్లో ఉంటుంది, ఉచితం, ఫోన్లోకి దింపుకోవచ్చు. రోడ్డు గీత పక్కన చుక్కల వరస ఉంటే, అక్కడ క్యాంపింగ్ కోసం కారు పక్కకు తీయవచ్చని అర్థం. ఎంత దూరం దాకా అన్నది ఆ మ్యాపులోనే రాసి ఉంటుంది, అడవిని బట్టి మారుతుంది. దారిలో బోర్డు లేకపోయినా మ్యాపే చెల్లుతుంది. గూగుల్ మ్యాపులో రోడ్డు కనిపించిందన్నది సంజాయిషీ కాదు.

ఎన్నాళ్లు ఉండొచ్చన్నదీ ఆ అడవిలో శాఖ ఇచ్చిన ఆర్డరును బట్టే. చాలా అడవుల్లో 14 రోజులు. ఎన్ని రోజుల వ్యవధిలో 14, తర్వాత ఎంత దూరం జరగాలి అన్నది అక్కడే అడగాలి. కాపురం పెట్టడం మాత్రం ఎక్కడా కుదరదు. ఇళ్ల అద్దెలు భరించలేనివాళ్లు ఊరి అంచు అడవుల్లో ట్రెయిలర్లతో ఏళ్ల తరబడి ఉండిపోవడం, శాఖ ఖాళీ చేయించడం ఇవాళ పశ్చిమాన పెద్ద సమస్య. ఒరెగాన్‌లో బెండ్ ఊరి పక్కన డెషూట్స్ అడవిలో 2025 మే నెలలో కొంత భాగాన్ని అడవి పనుల కోసం మూసినప్పుడు, అక్కడ బతుకుతున్నవాళ్లు కదలాల్సి వచ్చింది.

మనవాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే నియమం ఇంకొకటి. 75 మంది, అంతకు మించి ఒకచోట చేరితే, వ్యాపారం కాకపోయినా ముందుగా పర్మిట్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు. సంఘాల వనభోజనాలు ఈ సంఖ్యను సులువుగా దాటతాయి. పిల్లలూ లెక్కలోకి వస్తారు.

మంట, ఎలుగుబంటి

ఉచిత క్యాంపింగ్‌ను ఎక్కువగా మూయించేది నిప్పు. 2007 జూన్‌లో కాలిఫోర్నియాలోని లేక్ టాహో దగ్గర అక్రమంగా వేసిన ఒక చలిమంట అంగోరా కార్చిచ్చుగా మారి 254 ఇళ్లను కాల్చేసింది. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల వల్ల కాలిఫోర్నియాలోని నేషనల్ ఫారెస్ట్‌లన్నింటినీ కొద్దిరోజులు మూసేశారు, మరుసటి ఏడూ అంతే.

ఆంక్షలు వచ్చేటప్పుడు మొదటి దెబ్బ వసతుల్లేని చోటుకే తగులుతుంది. సాధారణంగా స్టేజ్ 1లో, అంటే తొలి స్థాయి ఆంక్షల్లో, శాఖ కట్టిన ఇనుప పొయ్యిలున్న క్యాంప్‌గ్రౌండులో మంట వేసుకోవచ్చు, అడవిలో కూడదు. రాళ్లు పేర్చిన పొయ్యి లెక్కలోకి రాదు. బొగ్గుల గ్రిల్లూ మంటే. ఆపే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్‌కే అనుమతి. కాలిఫోర్నియాలో అయితే ఏ ఆంక్షలూ లేని రోజుల్లో కూడా, క్యాంప్‌గ్రౌండు బయట మంటకే కాదు, స్టవ్‌కు సైతం క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్లో ఉచితంగా వస్తుంది.

మంట ఆర్పడంలో అందరూ చేసే తప్పు మట్టి కప్పడం. మట్టి కింద నిప్పు చావదు. పొడి వేళ్లను పట్టుకుని లోలోపల పాకి, గాలి లేచినప్పుడు దూరాన బయటపడుతుంది. నీళ్లు పోయాలి, పారతో కలపాలి, మళ్లీ పోయాలి. చివరికి చేతి వెనకభాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూసి, వేడి తగలకపోతే తాకి చూడాలి. వంటనీళ్లు కాక దీనికోసమే 20 లీటర్లు తీసుకెళ్లండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకుపోవద్దు. వాటిలో దాగిన పురుగు కొత్త అడవికి చేరుతుంది.

పిస్గాలోని షైనింగ్ రాక్ 1964 వైల్డర్‌నెస్ చట్టంతో మొదట్లోనే రక్షణ పొందిన అడవుల్లో ఒకటి. అక్కడ చలిమంటలు నిషేధం. తిండి బేర్ కానిస్టర్‌లోనే, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలోనే ఉంచాలి, తాడుతో చెట్టుకు వేలాడదీస్తే సరిపోదు. తిండి అంటే వాసన ఉన్నదేదైనా: ఆవకాయ సీసా, నెయ్యి, మసాలా పట్టించిన చికెన్, కొబ్బరినూనె, టూత్‌పేస్టు. ఒకసారి మనిషి తిండి రుచి చూసిన ఎలుగుబంటి మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్నే చంపాల్సి రావచ్చు.

మలవిసర్జనకు నీటి నుంచి, దారి నుంచి 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ల నడకలో 70 నుంచి 80 అంగలు పోయి, 6 నుంచి 8 అంగుళాల గుంట తవ్వి పూడ్చాలి. టాయిలెట్ పేపరు, తడి తుడుపు గుడ్డలు సంచిలో పెట్టి వెనక్కి తెచ్చుకోవాలి. చెప్పడానికి చిన్న సంగతే. కానీ పేరుపడ్డ లోయల్లో ఊరివాళ్లు అందరికంటే ఎక్కువగా మొత్తుకునేది దీని గురించే. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ చుట్టుపక్కల లోయల్లో రద్దీ పెరిగి, 2021 నుంచి నంబరు పలక పాతిన చోట్లలోనే క్యాంపింగ్ అన్నారు. ఒకచోట మరుగుదొడ్డి పెడతారు, తర్వాత చెత్తకుండీ, బల్ల. అయిదు సమకూరితే 2004 చట్టం ప్రకారమే రుసుము అడగొచ్చు.

బయల్దేరే ముందు ఆ అడవికి చెందిన రేంజర్ డిస్ట్రిక్ట్ కార్యాలయానికి పని దినాల్లో ఫోన్ చేయండి. ఈ రోడ్డు తెరిచి ఉందా, ఇవాళ మంట ఆంక్ష ఏ స్టేజిలో ఉంది, తిండి దాచడానికి కానిస్టర్ తప్పనిసరా, చోటు ఎంచుకోవచ్చా లేక పలక ఉన్న చోటేనా అని అడగండి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తర్వాత పిస్గాలో చాలా రోడ్లు కొట్టుకుపోయాయి కాబట్టి, అక్కడికి వెళ్లేవాళ్లు మొదటి ప్రశ్నకు జవాబు వచ్చాకే టెంటు సర్దుకోవాలి.