గూబ బొమ్మ ఉందా, అయితే తీసుకో

ఇంటి మీద గుడ్లగూబ వాలితే కీడు అంటాం కదా మనం, పాతకాలం గ్రీకు నగరం ఏథెన్స్ వాళ్ళేమో దాన్నే వెండి నాణెం మీద అచ్చుకొట్టి గర్వంగా ఊరూరా తిప్పారు. వాళ్ళ దేవత ఎథీనా పక్షి అది. ఒకవైపు ఆమె తల, రెండోవైపు గూబ, పక్కన ఆలివ్ రెమ్మ, ఊరి పేరులో మొదటి మూడక్షరాలు. జనం కూడా ఆ నాణేన్ని గూబ అనే పిలిచేవాళ్ళు. (మన చెట్టు తొర్రల్లో ఉండే పగిడికంటె దీనికి దగ్గర చుట్టమే, రెండిటిదీ ఎథీనీ అనే ప్రజాతి.)

మిగతా గ్రీకు ఊళ్ళ నాణేల మీదా జంతువులుండేవి: ఈజినాకి తాబేలు, కోరింత్‌కి రెక్కల గుర్రం, ఎఫెసస్‌కి తేనెటీగ, ఇలా ఎవరి జంతువు వాళ్ళది. కానీ గూబ పోయినంత దూరం ఇవేవీ పోలేదు, కారణం బొమ్మ కాదు, ఏథెన్స్ వాళ్ళ లారియం వెండి గనులు. అక్కడ సీసం ఖనిజంలో వెండి కలిసి ఉంటుంది, దాన్ని కరిగించి గాలి తగిలేలా బాగా వేడిచేస్తే సీసం ఆక్సైడ్ అయిపోయి విడిపోతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు, అది అడుగున ముద్దగా మిగులుతుంది. క్రీ.పూ. 483లో అక్కడ పెద్ద నిక్షేపం బయటపడితే తలా ఇంత పంచుకుందాం అనుకున్నారంట, వాళ్ళ నాయకుడు థెమిస్టోక్లీస్ వద్దని చెప్పి ఆ డబ్బుతో యుద్ధ ఓడలు కట్టించాడు, 480లో సలామిస్ దీవి దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ ఓడలతోనే.

గూబల్లో పెద్ద నాణెం నాలుగు డ్రాక్మాలది (డ్రాక్మా అంటే వాళ్ళ డబ్బు లెక్క), 17 గ్రాములు, అంటే దాదాపు తులంన్నర, క్రీ.పూ. ఐదో శతాబ్దం చివర్లో పనివాడికి నాలుగు రోజుల కూలీ. తమాషా ఏంటంటే పార్థినాన్ గుడి మీద అంత గొప్ప శిల్పాలు చెక్కిన ఊరే నాణెం మీద మాత్రం పక్కకి తిరిగిన ముఖానికి ఎదురుగా చూసే పాతకాలం కన్నునే చాలాకాలం ఉంచేసింది, బయటి వర్తకులు గుర్తుపట్టిన బొమ్మని కదిలించడం ఎందుకులే అనుకున్నారేమో అని నా అనుమానం.

నమ్మకం ఉన్నచోట నకిలీలూ వస్తాయి. క్రీ.పూ. 375లో చట్టం చేశారు: నాణేలు పరీక్షించేవాడు బజార్లో ఒకడు, పిరేయస్ రేవులో ఒకడు కూర్చోవాలి, లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే నరికేయాలి, డ్యూటీలో కూర్చోకపోతే 50 కొరడా దెబ్బలు. అతను ఓకే చేసిన నాణేన్ని వద్దన్న వ్యాపారి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకంతా జప్తు!

శత్రువులకీ ఈ గూబలంటే ఆశే. స్పార్టా సేనాని గిలిప్పస్ ప్రభుత్వ వెండి మూటల్ని అడుగున కుట్లు విప్పి కొంత నొక్కేశాడని, ప్రతి మూటలో లెక్క చీటీ ఉందని వాడికి తెలీదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. లెక్క తేలక అధికారులు తల పట్టుకుంటే వాడి నౌకరే నసిగాడంట, "పెంకుల కింద బోలెడు గూబలు నిద్రపోతున్నాయండీ" అని.