ముందు నాలుగు ఓడలు చాలు

పిల్లలూ,

బొమ్మ ఓడలతో సముద్ర యుద్ధం ఎలా ఆడాలని అడిగారు కదా. నియమాల పుస్తకం ఎంత లావుగా ఉంటే ఆట అంత బాగుంటుందని మాత్రం అనుకోకండి. 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికాలో ప్లేట్ నది సముద్రంలో కలిసే చోటికి దూరంగా జరిగిన పోరుతో మొదలుపెట్టండి. అందులో ఒకవైపు జర్మనీ ఓడ గ్రాఫ్ స్పీ ఒక్కటే, దానికి 28 సెంటీమీటర్ల ఫిరంగులు ఆరు. అటువైపు బ్రిటిష్ పక్షాన ఎక్సెటర్, అజాక్స్, అకిలీస్ అనే మూడు క్రూయిజర్లు, అంటే వేగంగా వెళ్లే యుద్ధనౌకలు, వాటి ఫిరంగులు చిన్నవి. 1:3000 స్కేలులో, అంటే అసలు ఓడలో మూడు వేలో వంతు బొమ్మ చేస్తే, గ్రాఫ్ స్పీ ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, అంతే! బొమ్మలు దొరక్కపోతే అట్టముక్కలు కత్తిరించి పేర్లు రాసుకోండి.

ఒక్కో ఓడకి ఒక కాగితం పెట్టి, దాని వేగం, ఫిరంగులు ఎంత దూరం కొడతాయో రాసి, కొన్ని గళ్లు గీయండి. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక గడి కొట్టేయాలి, సగం గళ్లు పోతే వేగం కూడా సగమే. దగ్గర నుంచి కాలిస్తే డైస్‌లో 4 లేదా ఎక్కువ పడాలి, దూరం నుంచి అయితే 6 పడితేనే.

అసలు మజా ఆజ్ఞలు రాయడంలో ఉంది. ప్రతి వంతుకీ రెండు పక్షాలూ తమ ఓడలు ఎటు తిరగాలో, ఎంత దూరం వెళ్లాలో రహస్యంగా రాసి, చీటీలు ఒకేసారి విప్పి, ఓడలన్నీ ఒకేసారి జరపాలి. పెద్ద ఓడ ఉన్నచోటే గిర్రున తిరగలేదు కాబట్టి అవతలివాళ్లు ఇప్పుడున్న చోటు కాదు, కాసేపట్లో ఉండబోయే చోటు ఊహించి రాయాలి. ఆ రోజు బ్రిటిష్ కమాండర్ హార్వుడ్ ఎక్సెటర్‌ని ఒకవైపు, మిగతా రెండింటినీ ఇంకోవైపు పంపాడు. ఇప్పుడు గ్రాఫ్ స్పీ ఎవరిని కొట్టాలి? ఆ ఓడ నడిపేవాళ్లకి పెద్ద టెన్షన్ అదే, మీరే ఆడి చూడండి. అసలు పోరులో ఎక్సెటర్ ఘోరంగా దెబ్బతింది, గ్రాఫ్ స్పీ మాత్రం ఉరుగ్వే దేశంలోని మాంటెవీడియో రేవుకి వెళ్లిపోయింది.

ఇలాంటి ఆటని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. 1942లో బ్రిటన్‌లోని లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళ అధికారి, ఆయనతో పనిచేసిన యువతులు నేల మీద గళ్లు గీసి, చిన్న ఓడలు పెట్టి, జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడల మీద ఎలా దాడి చేస్తున్నాయో ఆడి కనుక్కున్నారు. అవి బయట నుంచి కాదు, వెనక నుంచి ఓడల వరసల మధ్యలోకి దూరి కొడుతున్నాయి! అక్కడికి శిక్షణకి వచ్చిన ఓడల కెప్టెన్లు ఆ ఆటని తెరల చిన్న చీలికల్లోంచే చూడాలి, ఎందుకంటే సముద్రంలోనూ అంతా కనిపించదు.

మీరూ రెండో ఆటకి ఒకరిని అంపైర్‌గా పెట్టుకోండి, దూరంగా ఉన్న ఓడల సంగతి ఆ అంపైర్ చెబితేనే తెలియాలి. పక్షాలు మార్చుకుని ఆడండి. టార్పెడోలు, అంటే నీటిలోంచి దూసుకెళ్లి ఓడని పేల్చే ఆయుధాలు, ఆ తర్వాత కలుపుదురు గాని.

మీ తాతయ్య